కృష్ణా నీళ్ళన్నీ సముద్రంలోకి పోతుంటే మా కాల్వకి ఎందుకు రావు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులు కిందికి వదిలారు. అంతకు ముందు ఏడాదేమో డెల్టా చివర కోడూరు దగ్గర మీ నాన్నగారి నాలుగెకరాలకి పైరు పొట్ట మీద ఉన్నప్పుడు ఒక్క తడి కూడా అందలేదు. ఆ వరద నీళ్ళని ఆపడానికి ఇంకో డ్యామ్ కట్టొచ్చు కదా, ఇంత చిన్న విషయం ఇంజనీర్లకి తట్టలేదా అని అడిగారు.

తట్టింది. ముందు జవాబు చెప్పి, తరువాత కారణాలు రాస్తాను. ఇంకో డ్యామ్ కట్టినంత మాత్రాన మీ నాన్నగారి చేలోకి నీళ్ళు రావు. సముద్రంలోకి పోయే నీళ్ళు, మీ కాల్వకి అందని నీళ్ళు ఒకటి కావు. మొదటివి ముప్పై నలభై రోజుల్లో మీద పడిపోయే వరద. రెండోవి నాలుగైదు నెలల పాటు రోజూ కొంచెం కొంచెంగా, చెప్పిన రోజుకి రావలసినవి. మొదటిది నది సమస్య. మీది చాలావరకు కాల్వ సమస్య, నీళ్ళు వదిలే తేదీల సమస్య.

నేను ఇరిగేషన్‌లో 31 ఏళ్ళు చేశాను. సగం సర్వీసు నాగార్జునసాగర్ ఎడమ కాల్వ మీద, సగం డెల్టాలో. రిటైరై ఆరేళ్ళు దాటింది. తీరిక ఉంది కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందు ఒక లెక్క. టీవీలో ఒకసారి క్యూసెక్కులు అంటారు, ఒకసారి టీఎంసీలు అంటారు, చాలామందికి అక్కడే తికమక. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ. ఆ నీళ్ళు సుమారు 23 వేల ఎకరాల్లో అడుగు లోతున నిలుస్తాయి. ఇప్పుడు 2024 వరద చూడండి. బ్యారేజీ దగ్గర పోటు మీద ఉన్నప్పుడు 11.43 లక్షల క్యూసెక్కులు. అదే పోటు రోజంతా నిలిస్తే 99 టీఎంసీలు! బ్యారేజీకి పైనున్న పులిచింతల జలాశయం మొత్తం సామర్థ్యం 45.77 టీఎంసీలు. అది పూర్తిగా ఖాళీగా ఉందనుకున్నా ఆ ప్రవాహానికి పదకొండు గంటల్లో నిండిపోతుంది. ప్రకాశం బ్యారేజీలో నిలిచేది 3.07 టీఎంసీలు, అంటే ముప్పావు గంట. డెల్టా కాల్వలన్నీ నిండుగా పారించినా 20 వేల క్యూసెక్కులు దాటవు. అయినా ఆ వారంలో కాల్వలకి నీళ్ళు ఎవరు అడిగారు? చేలన్నీ మునిగి, "కాల్వలు కట్టెయ్యండి బాబూ" అని రైతులే ఫోన్లు చేశారు.

ఇంకో సంగతి. ఆ వరదలో పెద్ద భాగం కృష్ణ పుట్టే మహాబలేశ్వర్ నుంచి వచ్చింది కాదు. సాగర్‌కి దిగువన కురిసిన వానకి పాలేరు, మున్నేరు, వైరా ఒక్కసారిగా పొంగాయి. పాలేరు, మున్నేరు నదిలో కలిసేదే పులిచింతల దాటాక. పైన మీరు ఎన్ని డ్యాములు కట్టినా ఆ నీరు ఆగదు. (విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచింది కృష్ణ అని ఇప్పటికీ రాస్తున్నారు. ముంచింది బుడమేరు. దాని మళ్ళింపు కాల్వ బ్యారేజీ పైన కృష్ణలో కలుస్తుంది. నదే నిండుగా ఉంటే ఆ కాల్వలో నీళ్ళు దిగవు, ఎగదన్నుతాయి.)

ఇక అసలు నది కథ. కృష్ణ సుమారు 1,400 కిలోమీటర్లు పారుతుంది, పరీవాహకం 2.59 లక్షల చదరపు కిలోమీటర్లు. చూడటానికి పెద్ద నదే. కానీ నీళ్ళిచ్చే చోటు చాలా తక్కువ. మహాబలేశ్వర్‌లో ఏడాదికి 5,000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. అక్కడి నుంచి తూర్పుకి గట్టిగా వంద కిలోమీటర్లు వస్తే 600 కూడా కష్టం. అంటే పడమటి కనుమల అంచున ఒక సన్నని పట్టీలో కురిసిన వానే నదికి ప్రాణం. మిగతా పరీవాహకమంతా మెట్ట, కరవు సీమ. సోలాపూర్, విజయపుర, రాయచూరు, పాలమూరు, కర్నూలు అన్నీ దాహంగా ఉండే జిల్లాలే. వాన కురిసేది ఒక చోట, దాహం ఇంకో చోట. గొడవలన్నిటికీ మూలం అదే.

ఆ పట్టీలో కురిసిన నీరు మన దాకా రావాలంటే దారిలో ఎన్ని డ్యాముల కడుపులు నిండాలో చూడండి. కోయన 105 టీఎంసీలు (అందులో కొంత కరెంటు కోసం పడమటికి, అరేబియా సముద్రం వైపుకే పోతుంది). భీమ మీద ఉజ్జని 117. ఆల్మట్టి 123, దాని కింద నారాయణపూర్. తుంగభద్ర 105. తుంగభద్ర నీరు జూరాల దాటాకే కృష్ణలో కలుస్తుంది, మిగతావి నిండాకే జూరాల. జూరాలలో పట్టేదే 9.66 టీఎంసీలు, అక్కడ ఆగేదేమీ లేదు. ఆ తరువాత శ్రీశైలం 215, సాగర్ 312. పై రాష్ట్రాల్లో ఒక్క నెల వాన ఆలస్యమైతే శ్రీశైలానికి ఆగస్టు దాటినా నీళ్ళు చేరవు. డెల్టా అన్నిటికంటే చివర. ఆ డెల్టాకి చివర మీ కోడూరు.

మరి ఏటా వందల టీఎంసీలు పోతున్నాయి కదా అంటే, ఏటా పోవు. 2015 నుంచి నాలుగేళ్ళు సముద్రానికి వెళ్ళింది దాదాపు లెక్కలోకి రానంత. 2019-20లో 800 టీఎంసీల దగ్గర, ఆ పై ఏడాది 1,200 పైన. 2023లో మళ్ళీ కరవు. ఈ అంకెల్ని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడండి. 1,200 పోయిన ఏడాది కోసం డ్యామ్ కడితే నాలుగేళ్ళు అది ఖాళీగా ఎండుతుంది. నిండిన ఏడాది ఆవిరి నష్టం వేరే. కృష్ణా నీళ్ళు రాష్ట్రాలకి పంచిన బచావత్ ట్రిబ్యునల్ ఒక్క శ్రీశైలానికే ఏటా 33 టీఎంసీలు ఆవిరి కింద లెక్క కట్టింది, పులిచింతలలో ముప్పాతిక వంతు కంటే కొంచెం తక్కువ. పైగా ఎక్కడ కడతారు? బ్యారేజీలో పూర్తి నీటిమట్టం సముద్రానికి 57 అడుగుల ఎత్తు. అక్కడి నుంచి సముద్రం దాకా ఎనభై తొంభై కిలోమీటర్లు బల్లపరుపు నేల, కొండ అన్నది లేదు. దిగువన చోడవరం, బండికొల్లంక దగ్గర బ్యారేజీల ప్రతిపాదనలు ఉన్నాయి. రెండూ కలిపినా పది టీఎంసీల లోపే. ఉప్పునీరు పైకి ఎక్కకుండా, బోర్లలో మంచినీళ్ళు నిలిచేలా అవి పనికొస్తాయి, నేను వాటికి అనుకూలమే. కానీ వరదని ఆపుతాయని మాత్రం ఎవరైనా చెబితే నమ్మకండి.

కొత్త డ్యామ్ గురించి ఇంతమంది మాట్లాడతారు, ఉన్న డ్యాముల్లో పోగొట్టుకున్నది ఎవరూ అడగరు. నాకు దీని మీద కొంచెం కోపం ఉంది, క్షమించండి. శ్రీశైలం కట్టినప్పటి సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు అధికారికంగా వాడే లెక్క 215.8. సాగర్ 408 నుంచి 312కి పడింది. తుంగభద్ర 133 నుంచి 105కి. శ్రీశైలంలో పూడిక మింగింది 92, సాగర్‌లో 96. రెండూ కలిపితే నాలుగు పులిచింతలలు! నాలుగు డ్యాములు మట్టిలో పోయాయి, ఒక్క ఊరేగింపు కూడా జరగలేదు. పూడిక తియ్యొచ్చు కదా అంటారు. అంత పెద్ద జలాశయంలో తీసిన మట్టి పోసే చోటు ఉండదు, ఖర్చు కొత్త డ్యామ్ కంటే ఎక్కువ పడుతుంది. మట్టి రాకుండా పైన అడవి, చెరువులు, వాటర్‌షెడ్ పనులు చూసుకోవడమే దారి. అది రిబ్బన్ కత్తిరించే పని కాదు కాబట్టి ఎవరికీ పట్టదు.

డ్యామ్ ఉన్నా దాన్ని ఎప్పుడు నింపాలి, ఎంత ఖాళీ ఉంచాలి అన్నది పెద్ద తలనొప్పి. 2009 చెబుతాను. ఆ ఏడాది జూన్ నుంచి సెప్టెంబర్ చివరి దాకా కరవు. చుక్క నీరు వదలడానికి ఎవరికీ చేతులు రాలేదు, అది తప్పు కూడా కాదు. సెప్టెంబర్ ఆఖర్లో కర్నూలు, పాలమూరు వైపు వాన విరుచుకుపడింది. కర్నూలు మునిగింది. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల పైన వచ్చిపడింది. 885 అడుగుల పూర్తి మట్టం దాటి 896 దాకా పోయింది. ఆ రెండు రాత్రులు నేను డెల్టాలో కరకట్ట మీద ఇసుక బస్తాల దగ్గర ఉన్నాను. కింద నీళ్ళు కట్ట అంచుకి జానెడు దూరంలో ఉన్నాయి. కట్ట వెనక ఊళ్ళో ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తుకుని గుడి అరుగు మీద కూర్చున్నారు. శ్రీశైలానికి వచ్చిన 25 లక్షలు బ్యారేజీకి చేరేసరికి 11 లక్షల పైచిలుకు అయ్యాయి. ఆ తేడాని మింగింది శ్రీశైలం, సాగర్‌లలో ఉన్న ఖాళీ. ఖాళీ లేకపోయుంటే నేను ఈ జవాబు రాసేవాణ్ణి కాదేమో. డ్యామ్ ఖాళీగా ఉంచితే రైతు తిడతాడు. నింపి ఉంచినప్పుడు వరదొస్తే ఊరంతా తిడుతుంది. ఈ రెండు తిట్ల మధ్యే మా ఉద్యోగం గడిచింది.

పంపకాల సంగతి క్లుప్తంగా చెబుతాను, దాని మీద రోజూ టీవీలో వింటూనే ఉంటారు. బచావత్ ట్రిబ్యునల్ 1973లో, నూటికి 75 ఏళ్ళు దొరికే నీరు 2,060 టీఎంసీలని తేల్చి పంచింది. మహారాష్ట్రకి 560, కర్ణాటకకి 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి 800, తిరిగి నదిలో చేరే నీరు దాని మీద కొంత. మిగులు నీరు వాడుకునే వెసులుబాటు నదికి దిగువన ఉన్న మనకి ఇచ్చింది, హక్కు మాత్రం ఇవ్వలేదు. ఆ మిగులు మీద ఆశతోనే రెండు వైపులా ప్రాజెక్టులు మొదలయ్యాయి. హంద్రీ-నీవా, గాలేరు-నగరి, వెలిగొండ ఇప్పటి ఆంధ్ర వైపు. కల్వకుర్తి, నెట్టెంపాడు తెలంగాణ వైపు. తరువాత బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ ఆ మిగులుని కూడా పంచి, ఆల్మట్టిని 519.6 మీటర్ల నుంచి 524.256 దాకా నింపుకోవచ్చంది. ఆ తీర్పు సుప్రీంకోర్టు స్టే వల్ల గెజిట్‌కి ఎక్కలేదు. రాష్ట్రం విడిపోయాక, తిరిగి నదిలో చేరే నీటితో కలిపి 811 టీఎంసీల్లో 512 ఆంధ్రకి, 299 తెలంగాణకి అని 2015లో తాత్కాలికంగా అనుకున్నారు. ఆ తాత్కాలికం మీదే ఇన్నేళ్ళుగా బండి నడుస్తోంది.

ఇందులో ఎవరిది న్యాయం అని నన్ను అడగకండి. నేను రెండు వైపులా పనిచేశాను, రెండు వైపులా అన్నం తిన్నాను. ఒక్క భౌగోళిక విషయం మాత్రం చెబుతాను. కృష్ణ పాలమూరు, నల్లగొండ పక్క నుంచే పారుతుంది కానీ లోతులో, కొండల మధ్య పారుతుంది. పొలాలు పైన ఉంటాయి. అందుకే అక్కడ చాలా చోట్ల ఎత్తిపోతలు, మోటార్లు, కరెంటు బిల్లు. డెల్టాకి ఆ బాధ లేదు, నేల వాలే నీళ్ళని తెస్తుంది. అలాగే శ్రీశైలం నుంచి సీమకి నీళ్ళు తీసే పోతిరెడ్డిపాడు నుంచి 44 వేల క్యూసెక్కులు తీస్తారని అంటారు. అది శ్రీశైలం 880 అడుగుల పైన ఉన్నప్పటి మాట. 854 దగ్గర వచ్చేది అందులో ఆరో వంతు ఉంటే ఎక్కువ. సీమ కాల్వలకి నీళ్ళు దొరికేది ఆ వరద రోజుల్లోనే. కాబట్టి వరద రోజుల్లో ఎంత వేగంగా లాగి వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు లాంటి చోట్ల నింపుకుంటామన్నదే అక్కడ అసలు ప్రశ్న. వరద నీరు ఆపాలంటే డ్యామ్ కంటే వెడల్పైన కాల్వ ముఖ్యం అని నేను అనేది ఇందుకే.

ఇక మీ కాల్వ దగ్గరికి వద్దాం.

నేను సాగర్ ఎడమ కాల్వ మీద ఉన్నప్పుడు ఒక మేజర్ (పెద్ద పిల్లకాల్వ) నా చేతికి వచ్చింది. పద్దెనిమిది కిలోమీటర్లు. తల దగ్గర నీటిని కొలిచే గేజీ 210 క్యూసెక్కులు చూపిస్తోంది, చివరి గేజీ దగ్గర 9. చివరి ఊరి పెద్దాయన ఒకాయన నాతో, "సార్, మా తూముకి నీళ్ళు పేపర్లోనే వస్తాయి" అన్నాడు. ఒక రాత్రి జీపు దూరంగా ఆపేసి, కాల్వ కాపలా చూసే లస్కర్‌తో కలిసి కట్ట మీద నడిచాను. ఆరు కిలోమీటర్లలో కట్టకి అడ్డంగా వేసిన గొట్టాలు 43 లెక్కపెట్టాం. మోటార్లు కాక. ఆరుతడి పంటకని డిజైన్ చేసిన భూముల్లో నిండా వరి.

మొదట పోలీసుల్ని పెట్టి పీకించాను. వారంలో మళ్ళీ వచ్చాయి. తరువాత ఆ పై రైతులతో కూర్చుని మాట్లాడితే అర్థమైంది. వాళ్ళు దొంగలు కారు. రేపు కాల్వ వస్తుందో రాదో తెలియదు కాబట్టి ఇవాళ దొరికినంత చేలో నింపుకుంటున్నారు. మనింట్లో కుళాయి ఎప్పుడొస్తుందో తెలియనప్పుడు బిందెలన్నీ నింపుకోమూ? అప్పుడు వారబందీ (వంతుల వారీగా నీళ్ళు) పెట్టాం. వారంలో మొదటి నాలుగు రోజులు కింది సగానికి, తరువాతి మూడు రోజులు పై సగానికి. తేదీలు సున్నంతో తూము గోడల మీద రాయించాను. మొదటి వంతు ఎవరూ నమ్మలేదు, గొట్టాలు అలాగే ఉన్నాయి. రెండో వంతు కూడా రాసిన తేదీకే నీళ్ళు రావడంతో కొందరు వాళ్ళంతట వాళ్ళే మూసేశారు. నాలుగో వంతుకి చివరి గేజీ 40 దాటింది. తలగేటు దగ్గర అదనంగా ఒక్క క్యూసెక్కు ఇవ్వలేదు. ఏడాదిన్నరకి నాకు బదిలీ అయింది. గొట్టాలు మళ్ళీ వచ్చాయని విన్నాను.

డెల్టాలో దీనికి తోడు ఇంకో బాధ. అక్కడి కాల్వలు 1850లలో ఆనకట్టతో పాటు మొదలైనవి. పంటకీ పడవలకీ రెంటికీ తవ్వారు, అందుకే వాలు చాలా తక్కువ, నీరు నింపాదిగా నడుస్తుంది. గుర్రపుడెక్క, తూటికాడ పట్టాయంటే ఆగిపోతుంది. వేసవిలో కాల్వ కట్టినప్పుడు పూడిక సరిగా తియ్యకపోతే ఆ ఏడాది చివరి భూములకి అంతే సంగతులు. ఎండిన కాల్వలో వదిలిన నీళ్ళు బ్యారేజీ నుంచి కోడూరు చేరడానికి వారం పైనే పడుతుంది.

తేదీ ఎంత ముఖ్యమో పట్టిసీమ చూపించింది. 2015లో మొదలైన ఆ ఎత్తిపోతల నుంచి గోదావరి నీళ్ళు పోలవరం కుడి కాల్వ మీదుగా ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తాయి. గరిష్ఠంగా 8,500 క్యూసెక్కులు. వరద ముందు అది ఏపాటి? కానీ అవి జూన్, జూలైలో వస్తాయి, శ్రీశైలం అడుగంటి ఉన్నప్పుడు. డెల్టాలో నారుమడి నెల ముందు పడితే కోత నవంబర్‌లోనే అయిపోతుంది. ఆగస్టులో నీళ్ళొస్తే కోత డిసెంబర్‌కి జరిగి తుఫాను నోట్లో పడుతుంది. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు చేలో ఉన్న వరి ఏమైందో మీ నాన్నగారిని అడగండి. జూన్‌లో వచ్చే ఒక టీఎంసీ సెప్టెంబర్‌లో వచ్చే యాభై కంటే విలువైనదని నేను ఊరికే అనను.

సముద్రంలోకి పోయిందంతా వృథా అన్న మాట కూడా సగమే నిజం. హంసలదీవి దగ్గర మడ అడవులు, చేపల వేట, మీ ఊరి నేలలో ఉప్పు కడగడం అన్నీ ఆ నీటి మీదే ఆధారపడ్డాయి. నది సముద్రానికి చేరని నాలుగేళ్ళు మీ వైపు బోర్లు ఎంత ఉప్పెక్కాయో మీకే తెలియాలి.

ఇప్పుడు మీరు చెయ్యగలిగింది. మీ నాన్నగారి పొలం కేఈబీ (కృష్ణా తూర్పు గట్టు) కాల్వ కిందే ఉండాలి. సెక్షన్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) దగ్గరికి వెళ్ళి "నీళ్ళు రావట్లేదు" అనకండి, ఆ మాట రోజుకి యాభై మంది అంటారు. మీ బ్రాంచికి తల గేజీ, చివరి గేజీ రోజువారీ రీడింగులు ఇమ్మని అడగండి. రాతపూర్వకంగా అడిగితే ఇంకా మంచిది. తల దగ్గరే తక్కువ ఉంటే బాధ పైన ఉన్నట్టు, అప్పుడు నీటి సంఘాలన్నీ కలిసి జిల్లా స్థాయిలో మాట్లాడాలి. తల దగ్గర సరిగా ఉండి చివర లేకపోతే మధ్యలో గొట్టాలో, చేపల చెరువులో, తూటికాడో ఉంది. ఒకసారి పొద్దున్నే కట్ట మీద నడిచి చూడండి, ఫోటోలు తియ్యండి.

అలాగే మీ మురుగు కాల్వ సముద్రం వైపు బయటపడే చోట ఉండే అవుట్‌ఫాల్ స్లూయిస్ తలుపులు సరిగా మూసుకుంటున్నాయో లేదో చూడండి. అవి తుప్పుపట్టి ఊడిపోతే సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీరు డ్రెయిన్లోకి ఎగదన్నుతుంది. తడి అందనప్పుడు చాలామంది డ్రెయిన్లో మోటారు పెట్టి తోడతారు. తోడే ముందు సీసాలో పట్టి ఉప్పు పరీక్ష చేయించండి. ఒక్క తడి మిగిలిందని సంబరపడి చేను చెడగొట్టుకున్నవాళ్ళని చూశాను. నారు పోసి దమ్ము చేసే బదులు వెదజల్లే పద్ధతిలో, తక్కువ రోజుల రకం వేస్తే కనీసం రెండు వారాలు కలిసొస్తాయి. చివరి భూములకి ఆ రెండు వారాలే పెద్ద తేడా.

పొలం ఏ బ్రాంచి కింద ఉందో, పోయిన ఖరీఫ్‌లో మొదటి నీళ్ళు ఏ తేదీకి వచ్చాయో, ఎన్ని తడులు పడ్డాయో నాన్నగారిని అడిగి కింద రాయండి. గేజీ రీడింగులు దొరికితే అవి కూడా పెట్టండి. చూసి చెబుతాను.